ఇబ్రాలో బుధవారాలు

మేము ఇబ్రాకు వచ్చి నెల తిరిగింది. డర్బన్‌లో మా సంఘానికి మొదటి ఉత్తరం రాయాలి. మమ్మల్ని పంపేటప్పుడు పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. విమానం టికెట్లకు చందాలు వేసుకున్నారు. అక్కడ ఏం పని చేస్తున్నారని వాళ్ళు అడగడం న్యాయమే. నేను కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయడానికి ఏమీ తోచలేదు. చివరికి "ఇక్కడ ఎండ ఎక్కువ, పిల్లలు బాగున్నారు" అని రాసి పంపాను.

ఇబ్రా ఒమాన్ దేశంలో ఒక పాత ఊరు. రాజధాని మస్కట్ నుంచి కారులో రెండు గంటల దారి. చుట్టూ రాతి కొండలు, మధ్యలో ఖర్జూరం తోటలు. మా ఆయన ఇక్కడ ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, అబ్బాయికి తొమ్మిది. వాళ్ళ చదువు ఇంట్లోనే, కంప్యూటర్ ముందు.

ఇది మిషను యాత్ర అని మా సంఘం చెప్పుకుంటుంది. ఆ మాట వినగానే మీకు వీధిలో నిలబడి బోధించే మనిషి కళ్ళముందు కనబడవచ్చు. ఒమాన్‌లో అది కుదరదు. ఇతరులను మతం మార్చే ప్రయత్నం ఇక్కడి చట్టానికి విరుద్ధం. మేమూ ఆ పని మీద రాలేదు. మస్కట్‌లో రువి, ఘాలా అనే చోట్ల చర్చిలు ఉన్నాయి. వాటికి స్థలం ఇచ్చింది సుల్తాన్ ఖాబూసే. ఆ ఆవరణల్లో ఎన్నో భాషల వాళ్ళు ఆరాధన చేసుకుంటారు. ఇక్కడ వారాంతపు సెలవులు శుక్రవారం, శనివారం. కాబట్టి చాలామందికి శుక్రవారమే ఆదివారం! అక్కడికి వచ్చే తెలుగువాళ్ళకు తోడుగా ఉండాలి, ఎవరికైనా కాగితాలు చదివి పెట్టాలి, ఉత్తరాలు రాసి పెట్టాలి. మాకు అప్పగించిన పని అంతే.

పని శుక్రవారం. మరి మిగతా ఆరు రోజులు?

డర్బన్‌లో నేను ఒక ఆఫీసులో పని చేసేదాన్ని. పొద్దున ఐదున్నరకు లేస్తే రాత్రి పదికి గాని నడుం వాల్చేదాన్ని కాదు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణాలు మూసేస్తారు. మళ్ళీ నాలుగు దాటాకే తెరుస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా పన్నెండున్నర మొదలు మూడున్నర వరకు ఎవరిచేతా ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. ఆ వేళకు ఊరు ఊరంతా నిద్రపోతుంది. మా అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, అందరూ ఎక్కడికి పోయారు?" అని అడిగేవాడు. మా అమ్మాయి గోడమీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేయడం మొదలుపెట్టింది. జైల్లో ఖైదీ లెక్క పెట్టుకున్నట్టు ఉందని నేను కోప్పడ్డాను. నిజానికి నేనూ మనసులో అదే లెక్క వేస్తున్నాను.

మమ్మల్ని మొదట పలకరించింది పక్కింటి పెద్దామె. ఆమె చిన్నతనం జాంజిబార్‌లో గడిచింది. ఇబ్రా చుట్టుపక్కల ఇలాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఒమాన్ సుల్తాన్ తన రాజధానినే జాంజిబార్‌కు మార్చుకున్నాడు. ఇబ్రా వర్తకులు తూర్పు ఆఫ్రికాతో వ్యాపారం చేసి సంపాదించారు. మునిస్ఫా అనే పాతపేటలో వాళ్ళ మట్టి మేడలు సగం కూలి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చాక ఎన్నో ఒమానీ కుటుంబాలు అక్కడినుంచి తరలి వచ్చాయి.

పెద్దామెకు అరబ్బీతో పాటు స్వాహిలీ వచ్చు. నాకు డర్బన్ వీధుల్లో నేర్చుకున్న జూలూ కొంచెం వచ్చు. ఒకరోజు ఆమె పళ్ళెం మీద మూత తీసి "న్యామా" అంది. జూలూలో "ఇన్యామా" అంటే మాంసం. ఇద్దరం నవ్వుకున్నాం. సముద్రం దాటి ఆఫ్రికాకు పోయిన కుటుంబాలే మావి రెండూ. వాళ్ళు వర్తకులుగా వెళ్ళారు, మావాళ్ళు కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్ళారు. అదే సముద్రం మీద బానిసల పడవలు కూడా తిరిగాయి. 1896లో మస్కట్‌లో పీటర్ జ్వేమర్ అనే అమెరికన్ మిషనరీ, అలాంటి పడవల నుంచి విడిపించిన 18 మంది ఆఫ్రికా పిల్లలను చేరదీసి బడి పెట్టాడు. ఈ సంగతి చెబితే మా అబ్బాయి, "పద్దెనిమిది మందేనా?" అన్నాడు. జ్వేమర్ కూడా సంఘానికి ఉత్తరాలు రాసి ఉంటాడు కదా, అతన్నీ ఎవరైనా ఆ ప్రశ్నే అడిగి ఉంటారా అనిపించింది నాకు.

పిల్లలకు పొద్దు పోవడానికి సాయంత్రాలు ఫలజ్ వెంబడి నడిచేవాళ్ళం. ఫలజ్ అంటే నీటి కాలువ. కొండల అడుగున ఉన్న నీటిని వాలు చూసి, సొరంగంలో నడిపించి, ఊరి తోటల్లోకి తెస్తారు. మోటారు ఉండదు. ఒమాన్‌లో ఇలాంటి కాలువల్లో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు నచ్చింది ఆ నీటిని పంచుకునే తీరు. ఇంత నీరు అని కొలవరు, ఇంతసేపు అని కొలుస్తారు. "అథర్" అంటే సుమారు అరగంట. ఒక తోటకు ఇన్ని అథర్లు, ఇంకో తోటకు ఇన్ని. పూర్వం పగలు నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి లెక్క కట్టేవాళ్ళట. మన తెలుగులో దీనికి మంచి మాట ఉంది: వంతు. ఊరి చెరువు నీళ్ళు వంతుల ప్రకారం వదిలే మనిషిని తెలంగాణలో నీరటికాడు అంటారు. ఇక్కడ ఫలజ్ వ్యవహారాలు చూసే పెద్దను వకీల్ అంటారు. వకీలు అంటే లాయరే కదా అని మా అమ్మాయి తికమక పడింది. మాట ఒకటే, అరబ్బీ నుంచి మన దగ్గరికి వచ్చింది.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ మాటల వేట మొదలుపెట్టారు. కుర్చీని ఇక్కడ కుర్సీ అంటారు. సబ్బు సాబూన్, దుకాణం దుక్కాన్, తారీఖు తారీఖే. తెలుగు నేర్చుకుంటున్న మన పిల్లలకు అరబ్బీ ఇంత దగ్గరగా ఉంటుందని నేనూ అనుకోలేదు. క్యాలెండర్‌లో రోజులు కొట్టేయడం మా అమ్మాయి ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు.

ఇబ్రాలో ప్రతి బుధవారం ఆడవాళ్ళ సంత జరుగుతుంది. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే. మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. బట్టలు, అల్లికలు, వెండి నగలు, అత్తరు, సాంబ్రాణి, పిల్లల గౌన్లు అన్నీ దొరుకుతాయి. పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపు అయిపోతుంది. నేనూ మా అమ్మాయీ అక్కడ గుడ్డలు చూస్తూ తెలుగులో బేరం మాట్లాడుకుంటున్నాం. ఎవరికీ అర్థం కాదనే ధైర్యం! వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"అక్కా, మీరు తెలుగోళ్ళా?"

నలభై ఏళ్ళు ఉంటాయేమో. రెండు చేతులా సంచులు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఇంట్లో పనికి వచ్చింది. ఆ ఇంటి ముసలామెను చూసుకోవాలి, వంట చేయాలి, ఇల్లు తుడవాలి. ఇంటావిడ సంతకు వచ్చినప్పుడు సంచులు మోయడానికి వెంట వస్తుంది. ఇంటావిడ నగల దగ్గర బేరం ఆడే పది నిమిషాలే ఆమెకు ఖాళీ. శుక్రవారం సెలవు లేదు. మస్కట్ చూసింది విమానం దిగిన రోజు ఒక్కసారే.

"ఈడ ఎవురూ తెలుగు మాట్లాడేటోళ్ళు లేరక్కా. మా జేజి ఉన్నెట్టుంది నువ్వు మాట్లాడతాంటే" అంది.

జేజి. మా ఇంట్లో నాయనమ్మను జేజి అనేవాళ్ళం. నా పన్నెండో ఏట ఆమె పోయింది. తర్వాత నేను పుస్తకాల్లో, క్లాసుల్లో తెలుగు మళ్ళీ నేర్చుకున్నాను. అమ్మమ్మ, నాయనమ్మ, బామ్మ, అవ్వ అన్నీ కనబడ్డాయి గాని జేజి ఎక్కడా కనబడలేదు. నేను చిన్నప్పుడు తప్పుగా విన్నానేమో అనుకున్నాను. ఆ మాట రాయచోటిలో బతికే ఉంది.

తర్వాతి బుధవారం ఆమె ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఊరినుంచి పంపిన ఏజెంటు ఇచ్చిన ఒప్పందం కాగితం. "నాకు చదువు రాదక్కా. మూడేండ్లని చెప్పినాడు వాడు. ఇంగెన్ని దినాలుందో చూసి చెప్పు."

కాగితం అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంది. నేను ఇంగ్లీషు వైపు చదివాను. అందులో ఉన్నది రెండేళ్ళు. తేదీలు లెక్క వేశాను. రెండేళ్ళు నిండి అప్పటికే మూడు నెలలు దాటింది.

నేను ఆగలేదు. "మూడేళ్ళు కాదు, రెండేళ్ళే. గడువు ఎప్పుడో అయిపోయింది. నువ్వు వెళ్ళిపోవచ్చు" అని అక్కడికక్కడే చెప్పేశాను. నా గొంతు కూడా లేచింది. ఆమె ముఖం తెల్లబోయింది. అటు చూసి, ఇటు చూసి, ఫోన్ జాకెట్లో పెట్టుకుని సంచులు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మరుసటి బుధవారం ఆమె రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు.

ఆ రెండు వారాలు మా ఇంట్లో మళ్ళీ డర్బన్ వేగం వచ్చింది. మా ఆయన మస్కట్‌లో భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేద్దామన్నారు. నేను ఆ ఇల్లు ఎక్కడో కనుక్కుంటానన్నాను. మా వీధిలో ఉండే కేరళ నర్సు ఇద్దరినీ ఆపింది. ఆమె ఈ దేశంలో చాలాకాలంగా ఉంటోంది. "ఫోన్ చేయడం తప్పు కాదు. కానీ ఆమెను అడిగారా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో తెలుసా? ఆమె తొందరపడి బయటికి వస్తే, పారిపోయిందని యజమాని ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పుడు కేసు ఆమె మీద, మీ మీద కాదు" అంది.

దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రులు నేను జేజిని తలుచుకున్నాను. ఆమె పుట్టింది కియర్స్నీ టీ తోటలో. మన పత్రిక చదివేవాళ్ళలో కొందరికి ఆ ఊరు తెలిసే ఉంటుంది. డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ దగ్గర, హ్యూలెట్ దొర తోట. మన వాళ్ళతో మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. చివరి ఓడలు వచ్చింది 1911లో. ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడు జీతం నెలకు పది షిల్లింగులు. ఎస్టేటు దాటి పోవాలంటే యజమాని రాసిచ్చిన చీటీ కావాలి.

కియర్స్నీలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగు బాప్టిస్టులు ఉండేవారు. తమకు ఒక బోధకుణ్ణి పంపమని వాళ్ళు ఇంటికి కబురు పెట్టారు. నెల్లూరు వైపు సంఘాలు అప్పటికి తమ సొంత కానుకలతో హోమ్ మిషన్ సొసైటీ నడుపుకుంటున్నాయి. ఆ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆయన భార్యాపిల్లలతో ఓడ ఎక్కి వచ్చారు. ఆ ఏడాదే కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా ఆయన నాటాల్ తెలుగువాళ్ళ మధ్యనే ఉన్నారు. మా సంఘంలో ఈ కథ ప్రతి ఏటా చెబుతారు. ఎన్ని సంఘాలు నాటారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు అన్నదే ఎక్కువ వినిపిస్తుంది.

నేను ఇబ్రాలో ఆలోచించింది వేరే. పాస్టరు వచ్చాడు గాని వినే మనుషుల కాలం వాళ్ళది కాదు. వారమంతా తోట గంట మోగితే లేవాలి, గంట మోగితే ఆగాలి. మిగిలేది ఆదివారం, ఏవో కొన్ని చీకటి గంటలు. రంగయ్యగారు ఎంత తొందరపడినా పని వాళ్ళ వంతు దొరికినప్పుడే నడవాలి. ఆయన పిల్లలు కూడా మా పిల్లల్లాగే ఒక కొత్త ఊళ్ళో కిటికీ దగ్గర నిలబడి, అందరూ ఎక్కడికి పోయారని అడిగి ఉంటారు. కాకపోతే మా అబ్బాయి అడిగినప్పుడు ఊరంతా నిద్రలో ఉంది. వాళ్ళు అడిగినప్పుడు ఊరంతా ఆకు కోస్తూ ఉండి ఉంటుంది.

ఇంకో మాట కూడా గుర్తొచ్చింది. ఐదేళ్ళు నిండాక మా ముత్తాత ఇంటికి పోలేదు. మళ్ళీ వేలిముద్ర వేశాడు. ఎందుకని చిన్నప్పుడు జేజిని అడిగితే "పన్ను" అంది. నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక చదివాను. 1895 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసి ఊరికి పోకుండా, మళ్ళీ ఒప్పందం చేసుకోకుండా నాటాల్‌లో ఉండాలంటే ఏటా 3 పౌండ్లు కట్టాలి. పది షిల్లింగుల కూలీకి అది ఆరు నెలల జీతం. 1914లో గాని ఆ పన్ను పోలేదు.

మూడో బుధవారం ఆమె వచ్చింది. సంచులతో పాటు ఈసారి ఒక చక్రాల కుర్చీ. అందులో ముసలామె, నల్లటి అబాయాలో, చేతినిండా గోరింటాకుతో. ఆమెను గుడ్డల అంగడి నీడలో ఉంచి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె వినలేదు.

"ఇంట్లో చెప్పినా అక్కా. నేనే చెప్పినా."

అప్పుడే కాదట. పది రోజులు ఆగిందట. ముసలామెకు రాత్రుళ్ళు కాళ్ళు పడుతుంది. ఒకరోజు సాయంత్రం నమాజు అయినాక, ఖహ్వా తాగి ముసలామె మంచిగా ఉన్నప్పుడు, వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో తన కాగితం సంగతి చెప్పింది. ముసలామె కొడుకును పిలిచింది. కొడుక్కి ఈ లెక్క తెలుసో తెలియదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. తల్లి ముందు అతను కాగితం చదివాడు. రంజాన్ పండుగ కాగానే టికెట్ ఇస్తానన్నాడు. ఎక్కువైన నెలల గురించి కూడా మాట జరిగిందట.

"నువ్వు చెప్తివే, ఆ మాట పట్టుకోని ఆ రేతిరే అడిగింటే చెడిపోయేదక్కా. ఇంట్లో పెండ్లి పనులుండె. అందురూ కోపంగుండిరి."

మా అమ్మాయి నావైపు చూడలేదు. అది దాని మర్యాద.

రంజాన్ నెల ఇంకా నెమ్మదిగా గడిచింది. పగలంతా ఊరు నిశ్శబ్దం. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు పక్కింటి పెద్దామె మాకు ఖర్జూరాలు, హరీస్ పంపేది. ఖహ్వా గిన్నె చాలు అనడానికి ఎలా ఊపాలో మా అబ్బాయికి నేర్పింది. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. వాడు మొదటిరోజు ఏడు గిన్నెలు తాగి రాత్రంతా నిద్రపోలేదు! శుక్రవారాలు మస్కట్ వెళ్ళి వచ్చేవాళ్ళం. అక్కడ గోదావరి జిల్లాల వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు కలిసేవారు. కాగితాలు చదివి పెట్టమని అడిగేవారు ఒకరిద్దరు ఎప్పుడూ ఉండేవారు. ఇప్పుడు నేను కాగితం చదివే ముందు, "ఇది ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, మీరే చెప్పండి" అంటున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే వారం చూద్దాం అంటారు.

పండుగ తర్వాత మొదటి బుధవారం ఆమె టికెట్ చూపించింది. నేను తారీఖు చదివి చెప్పాను. ఈసారి ఆమెకు ముందే తెలుసు. పరీక్ష పెట్టినట్టు విని తల ఊపింది.

"మళ్ళీ రానక్కరలేదు కదా" అన్నాను.

"ఏమోక్కా. వస్తాననుకుంటాండా. అప్పు ఇంగా తీరలే. పాపకు ఇంటరు ఫీజు కట్టల్ల." కాసేపు ఆగి, "ముసిలామె నన్నే రమ్మంటాది" అంది.

మా ముత్తాత వేలిముద్ర గురించి చెప్పాలనుకున్నాను. పది నిమిషాల్లో అయ్యే కథ కాదు. ఇంటావిడ పిలిచింది. ఆమె వెళ్ళిపోయింది.

ఆ నెల ఉత్తరంలో సంఘానికి ఈ సంగతి రాశాను. ఎన్నో పని అని లెక్క పెట్టలేదు. వారం తిరక్కుండానే డర్బన్ నుంచి జవాబు వచ్చింది. చాలా సంతోషం, ఆ సోదరి పేరు పంపితే ఆదివారం ప్రార్థనలో తలుచుకుంటాం అని రాశారు.

పేరు పంపలేదు. ఆమెను అడగలేదు కదా. ఆమె తిరిగి వస్తే అడిగి చెబుతానని రాశాను.